చెన్నైలో పాత టూ స్ట్రోక్ జెట్ స్కీని మళ్లీ నీళ్లలో దింపడం: నా అనుభవం

పాత టూ స్ట్రోక్ జెట్ స్కీ ఇంజిన్ పట్టేసిందంటే (పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోయిందంటే) చాలామంది చేసేది ఒకటే. సిలిండర్ విప్పడం, బోర్ కొట్టించడం (సిలిండర్ లోపలి గోడని కాస్త పెద్దగా తొలిపించడం), కొత్త పిస్టన్ వేసి నీళ్లలో వదలడం. కొన్నాళ్లు బాగానే తిరుగుతుంది, ఆ తర్వాత అదే సిలిండర్ మళ్లీ పట్టేస్తుంది, ఇక ఓనరు విసిగిపోయి బండిని షెడ్డు మూలకి తోసేస్తాడు. నేను కొన్న యమహా ఎక్స్‌ఎల్ 700 అలా మూలనపడ్డదే. దాన్ని బాగుచేయడం కంటే, అది ఎందుకు పోయిందో కనుక్కోవడానికే నాకు ఎక్కువ టైం పట్టింది. ఆ భాగమే ఇక్కడ వివరంగా రాస్తున్నాను, మిగతావి మీకు ఎలాగూ సర్వీస్ మాన్యువల్‌లో దొరుకుతాయి.

ముందు బండి గురించి రెండు ముక్కలు. ముగ్గురు కూర్చునే బండి, రెండు సిలిండర్లు, 701 సీసీ, రెండు మికునీ కార్బొరేటర్లు. ఇరవై ఏళ్లు దాటిన బండికి సామాన్లు ఎక్కడ దొరుకుతాయని అందరూ భయపెట్టారు గానీ, యమహా తన సూపర్‌జెట్‌ని ఇదే 701 సీసీ కుటుంబం టూ స్ట్రోక్ ఇంజిన్‌తో 2020 వరకు అమ్మింది, 2021లోనే దానికి ఫోర్ స్ట్రోక్ వచ్చింది. కాబట్టి పిస్టన్లు, రింగులు, గాస్కెట్లు, సీళ్లు అన్నీ బయటి దేశాల నుంచి తెప్పించుకోవచ్చు. కస్టమ్స్, కొరియర్ కలిపితే సామాను ధరకి దగ్గరగా ఇంకో ధర అవుతుంది, దానికి సిద్ధపడే దిగాలి.

అమ్మినాయన ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద రిసార్టు వాళ్లకి రైడ్లు నడిపేవాడు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి షెడ్డులో నీళ్లు నిలిచాయట, బండి లోపల కూడా నిండాయట, నీళ్లు తోడేసి ప్లగ్గులు ఆరబెట్టి కొడితే స్టార్ట్ అయిందట, కొన్నాళ్లు తిప్పాక పట్టేసిందట. ఆయన ఈ సంగతులన్నీ దాచకుండా చెప్పాడు, అది నాకు తర్వాత చాలా పనికొచ్చింది. కొనేముందు కంప్రెషన్ గేజ్ తీసుకెళ్లాను. రెండు ప్లగ్గులూ తీసి, వాటిని ఇంజిన్ బాడీకి ఎర్త్ తగిలేలా పెట్టి (లేకపోతే ప్లగ్గులకి కరెంటు పంపే సీడీఐ యూనిట్ పాడయ్యే ప్రమాదం ఉంది), థ్రాటిల్ పూర్తిగా నొక్కి సెల్ఫ్ కొడితే ముందు సిలిండర్ 130 పీఎస్‌ఐ చూపించింది, వెనకది 70 కూడా దాటలేదు. మంచి ఇంజిన్‌లో రెండింటికీ తేడా పది శాతం లోపే ఉండాలి. ఆ గేజ్ ఓనరు ముందే పెట్టి చూపించాను కాబట్టి బేరం తొందరగానే తెగింది.

మా మడిపాక్కం ఇంట్లో కారు పెట్టే చోట బండిని దించాం. నేను నెల్లూరులో ఆర్‌ఎక్స్ 100 విప్పుతూ పెరిగినవాణ్ని, టూ స్ట్రోక్ అంటే భయం లేదు. కానీ బైకుకీ దీనికీ పెద్ద తేడా ఉంది. బైకు రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్‌లో ఎంతసేపు ఉంటుంది? నీళ్లలో ఇది నిమిషాల తరబడి అలాగే ఉంటుంది. బైకు కాస్తంత లీన్ అయితే (గాలి ఎక్కువై పెట్రోల్ తగ్గితే) తట్టుకుని ఇంటికి చేరుస్తుంది, ఇది అలా కాదు, పిస్టన్ అంచు కరిగిపోతుంది.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ విప్పి (ఉప్పు పట్టిన బోల్టులు, ప్రతిదానికీ వేడి పెట్టాల్సిందే, బలవంతంగా తిప్పితే తల తెగుతుంది) పోర్టులోంచి టార్చి వేసి చూస్తే వెనక పిస్టన్ మీద గీతలు కనిపించాయి. ఆ గీతలు ఎక్కడున్నాయన్నది ముఖ్యం. పిస్టన్‌కి నాలుగు మూలలా సమానంగా గీసుకుని ఉంటే, చల్లటి ఇంజిన్‌ని ఒక్కసారిగా లాగేశారని అర్థం, పిస్టన్ వేడికి వ్యాకోచించినంత వేగంగా సిలిండర్ వ్యాకోచించదు. చుట్టూరా గీసుకుని ఉంటే ఆయిల్ అందలేదని అనుమానించాలి. నాదాంట్లో గీతలన్నీ ఎగ్జాస్ట్ వైపే, పైగా ఆ వైపు పిస్టన్ పైఅంచు కొంచెం తిన్నట్టు ఉంది, ప్లగ్ కొన తెల్లగా ఉంది. అంటే లీన్. పెట్రోల్ తక్కువైనా అయి ఉండాలి, ఎక్కడో దొంగగాలి లోపలికైనా పోతుండాలి.

ఇక్కడే చాలామంది హెడ్ విప్పేస్తారు. దయచేసి విప్పకండి. హెడ్, సిలిండర్ తీసేస్తే ఇంజిన్‌కి ప్రెషర్ టెస్ట్ చేయలేం, అది చేయకపోతే గాలి ఎక్కడ దూరుతోందో ఎప్పటికీ తెలియదు. టూ స్ట్రోక్‌లో క్రాంక్‌కేస్ (పిస్టన్ కింద క్రాంక్ షాఫ్ట్ తిరిగే గది) కూడా ఒక పంపు లాంటిదే కదా, పిస్టన్ పైకి వెళ్లినప్పుడల్లా అక్కడ వాక్యూమ్ వస్తుంది, చిన్న సందు ఉన్నా బయటి గాలిని లాగేస్తుంది, ఆ మేరకు ఆ సిలిండర్‌లో మిశ్రమం పలచబడుతుంది.

ఇంజిన్‌ని చైన్ బ్లాక్‌తో పైకెత్తి బెంచీ మీదికి చేర్చాం. ఎత్తే ముందు ఒక పని తప్పకుండా చేయాలి, ఇంజిన్ మౌంట్ల కింద పల్చటి రేకుల్లాంటి షిమ్‌లు ఉంటాయి, ఏ మూలన ఎన్ని ఉన్నాయో గుర్తు పెట్టి, విడివిడిగా కవర్లలో వేసి పేరు రాసుకోవాలి. ఇంజినూ, నీళ్లని వెనక్కి తోసి బండిని నడిపే పంపు షాఫ్టూ ఒకే లైన్‌లో ఉండేది వాటివల్లే. తర్వాత ఎగ్జాస్ట్ పోర్టులకి, ఇన్‌టేక్‌కి మందపాటి రబ్బరు షీటు పెట్టి పైన ఇనుప పలక బిగించాను. కార్బొరేటర్‌కి వెళ్లే పల్స్ గొట్టం ముక్కు, ఆయిల్ ఇంజెక్షన్ సన్న గొట్టాల ముక్కులు కూడా మూసేయాలి. ఒక పలకకి వాల్వ్ పెట్టి సైకిల్ పంపుతో 8 పీఎస్‌ఐ దాకా కొట్టాను. మంచి ఇంజిన్ అయితే ముల్లు నిమిషాల పాటు కదలకూడదు. నాదాంట్లో చూస్తుండగానే పడిపోయింది.

సబ్బునీళ్లు బ్రష్‌తో పూస్తూ ఒక్కో జాయింట్ దగ్గరికీ వెళ్లాను. హెడ్ దగ్గర ఏమీ లేదు, సిలిండర్ అడుగు గాస్కెట్ దగ్గర ఏమీ లేదు. వెనక్కి వచ్చి కప్లర్ (ఇంజిన్‌ని పంపు షాఫ్ట్‌కి కలిపే ముక్క) వెనక, క్రాంక్ షాఫ్ట్ కేసులోంచి బయటికి వచ్చే చోట, గాలి దూరకుండా సీలు ఉండే దగ్గర నాలుగు చుక్కలు పోస్తే నురుగు పొంగింది. క్రాంక్‌ని చేత్తో కొంచెం తిప్పితే నురుగు ఆగింది, ఇంకొంచెం తిప్పితే మళ్లీ పొంగింది. అంటే సీలు ఒక్కటే కాదు, షాఫ్ట్ మీద కూడా ఒక చోట ఏదో ఉంది. ఆ రాత్రి నాకు పట్టలేని సంతోషం, ఎందుకంటే ఓనరు చెప్పిన కథంతా అక్కడ అతికింది. వరద నీళ్లు బండి అడుగున నిలిచి కప్లర్ దాకా వచ్చాయి, సీలు పెదవి ఆనే చోట షాఫ్ట్‌కి తుప్పు పట్టింది, అలాగే స్టార్ట్ చేసి తిప్పితే తుప్పు సీలుని కోసేసింది, ఆ సందులోంచి గాలి దూరింది, దగ్గర్లో ఉన్న వెనక సిలిండర్ లీన్ అయి పట్టేసింది. ముందు సిలిండర్ బాగుండటానికి కారణం కూడా ఇదే.

సీలు మార్చాలంటే క్రాంక్‌కేస్ రెండుగా విడదీయాలి, దానికంటే ముందు కప్లర్ ఊడాలి. ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా మొండి పని అదే. కప్లర్ క్రాంక్ చివరన మరతో బిగించి ఉంటుంది, ఇరవై ఏళ్ల ఉప్పుగాలికి అది షాఫ్ట్‌తో కలిసిపోయినట్టే ఉంటుంది. అసలు టూల్ తెప్పించే ఖర్చు చూసి, అంబత్తూరులో నాకు తెలిసిన లేత్ ఆయన దగ్గరికి కప్లర్ కొలతలు పట్టుకెళ్లాను. చిత్తూరు వైపు వాళ్లు, మూడు తరాలుగా చెన్నైలోనే ఉన్నా ఇంట్లో తెలుగే. మందపాటి ప్లేటు కోసి, కప్లర్ పళ్ల మధ్య పట్టేలా మూడు మొనలు వెల్డ్ చేసి ఇచ్చారు. "సార్, దీనికి మీటరున్నర పైపు తగిలించి ఇద్దరు లాగండి, సుత్తితో మాత్రం కొట్టొద్దు, క్రాంక్ వంకర పోతుంది" అన్నారు. రాత్రంతా తుప్పు వదిలే ఆయిల్ నానబెట్టి, పొద్దున బ్లోటార్చితో కప్లర్‌ని మాత్రమే వేడి చేసి, మా బావమరిది ఇంజిన్‌ని బెంచీకి అదిమి పట్టుకుంటే నేను పైపు మీద బరువు వేశాను. ముందు ఏమీ కదల్లేదు. మళ్లీ వేడి చేసి వేస్తే తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు, మర వదిలింది. పై అంతస్తు వాళ్లు బాల్కనీలోకి వచ్చి చూశారు.

కేసు తెరిచాక అనుకున్నదే కనిపించింది, సీలు పెదవి ఆనే చోట గోరు తగిలితే తెలిసే తుప్పు గరుకు. లేత్ ఆయన సన్న ఎమెరీతో, ఆయిల్‌తో దాన్ని నున్నగా చేశారు, గుంటలు లోతుగా లేకపోవడం అదృష్టం. క్రాంక్‌ని వీ బ్లాకుల మీద పెట్టి డయల్ గేజ్‌తో చూస్తే వంకర 0.05 మిల్లీమీటర్ల లోపే ఉంది. వెనక చివరి బేరింగ్ తిప్పితే గరగరలాడింది, దాన్ని ప్రెస్ ఉన్న షాపులో మార్పించాం, మిగతావి శుభ్రంగా ఉన్నాయి. కేసు రెండు ముక్కలూ కలిపేటప్పుడు గాస్కెట్ ఉండదు, పలుచగా సీలెంట్ రాసి బిగించాలి, యమహా వాళ్ల యమాబాండ్ 4 దీనికోసమే. ఇక్కడ మామూలు సిలికాన్ రాస్తే పెట్రోల్‌కి ఊడిపోతుంది.

బోరింగ్ విషయంలో లేత్ ఆయన మాట అక్షరాలా పాటించాను: "పిస్టన్లు నా చేతిలో పెట్టండి, తర్వాతే బోర్ కొడతాను." స్టాండర్డ్ 81 మిల్లీమీటర్లు, మాది 81.50కి వెళ్లింది, గీతలు అంతదాకా ఉన్నాయి. వెనకది ఒక్కటే పోయినా రెండూ ఒకే సైజుకి కొట్టించాం. పిస్టన్‌కీ గోడకీ మధ్య 0.06 మిల్లీమీటర్ల దగ్గర సందు ఉండాలి, పిస్టన్ పిస్టన్‌కీ కొలత కొంచెం మారుతుంది కాబట్టి ఏ పిస్టన్ ఏ బోర్‌కో రాసి పెట్టారు. బోర్ అయ్యాక పోర్టుల అంచులు బ్లేడులా పదునుగా తయారవుతాయి. వాటిని గుండ్రంగా రాయకపోతే రింగు అక్కడే తట్టుకుని విరుగుతుంది. పిస్టన్ మీది బాణం గుర్తు ఎగ్జాస్ట్ వైపు, సర్‌క్లిప్పులు ప్రతిసారీ కొత్తవి. తర్వాత మొత్తం బిగించి మళ్లీ అదే ప్రెషర్ టెస్ట్ చేశాం. ముల్లు కదల్లేదు. అది చూశాకే ఇంజిన్‌ని బండిలోకి దించాను.

పెట్రోల్ వైపు కథ వేరే. ట్యాంకులో మిగిలిన పెట్రోల్‌ని గాజు సీసాలోకి తీసి ఎండలో పెట్టి చూస్తే విరిగిన పాలలా రెండు పొరలుగా విడిపోయింది, అడుగున మసకగా నీళ్లూ ఇథనాలూ కలిసిన పొర. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, చెన్నై గాలిలో తేమకి కొదవ లేదు. ఈ కార్బొరేటర్లలో ఫ్లోట్ ఉండదు, డయాఫ్రమ్ ఉంటుంది. నావి తీసి చూస్తే మెత్తగా ఉండాల్సిన పొర ప్లాస్టిక్ రేకులా బిర్రబిగిసి ఉంది. లోపల చిన్న జాలీ ఫిల్టర్ ఉంటుంది, అది ఉందని తెలియక చాలామంది వదిలేస్తారు, నాదాంట్లో సగం మూసుకుపోయింది. అసలు మికునీ కిట్లే వేయండి. తక్కువ ధర కిట్ల డయాఫ్రమ్, నీడిల్ తేడా వస్తే మొదట దెబ్బ తినేది మళ్లీ పిస్టనే. గొట్టాలన్నీ మార్చాను, రిజర్వ్ వాల్వ్ విప్పి కడిగాను. ఇథనాల్ వల్ల మిశ్రమం కొంచెం లీన్ వైపు జరుగుతుంది కాబట్టి పెట్రోల్ వచ్చే రంధ్రం, అంటే మెయిన్ జెట్, ఒక సైజు పెంచాను. బండి తిప్పాక ట్యాంకులో పెట్రోల్ వారాల తరబడి ఉంచను, మిగిలినదంతా ఖాళీ చేసేస్తాను.

ఆయిల్ ఇంజెక్షన్ పంపుని తీసేశాను. దీని మీద వాదనలు ఉన్నాయి, ఆ పంపులు నిజానికి నమ్మకమైనవే, కానీ ఇరవై ఏళ్ల సన్న ప్లాస్టిక్ గొట్టం ఒకటి చిట్లితే ఇంజిన్ పోతుంది, ఆ టెన్షన్ నాకొద్దు. పంపు చోట మూత ప్లేటు, గొట్టాల ముక్కులకి గట్టి మూతలు, లేకపోతే అవి కూడా గాలి దూరే సందులే. ఇప్పుడు పెట్రోల్‌లోనే ఆయిల్ కలుపుతున్నాను, లీటరుకి 20 మిల్లీలీటర్లు, కొత్త పిస్టన్లు సర్దుకునే రన్-ఇన్‌లో 40. ఆయిల్ విషయంలో బైకు ఆయిల్ వద్దు, టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్నది కావాలి, నీళ్లతో చల్లబడే మెరైన్ ఇంజిన్ల కోసం చేసినది. అది కాశిమేడు, రాయపురం వైపు అవుట్‌బోర్డ్ సామాన్ల షాపుల్లో అడిగితే దొరుకుతుంది.

కాశిమేడు వెళ్లింది ఇంకో పనికి కూడా. బండి అడుగున ఫైబర్ ఒక చోట చీలింది. అక్కడ ఫైబర్ పడవలు బాగుచేసే శ్రీకాకుళం అన్న ఒకాయన దొరికారు. చీలిక చూసి, "పైన పూత పూస్తే ఏటవుద్ది బాబూ, లోన తడి ఉంటే మళ్లీ లేచిపోద్ది" అని, చుట్టూ వెడల్పుగా గ్రైండింగ్ చేసి, రెండు రోజులు ఎండలో ఆరనిచ్చి, లోపలి నుంచి మ్యాట్ పొరలు వేసి, రెజిన్ పెట్టి, పైన జెల్‌కోట్ వేశారు. లోపల కుక్కిన ఫోమ్‌లో తడిసినదంతా కోసి తీయించింది కూడా ఆయనే, బరువులో తేడా ఎత్తిన మాకు చేతులకి తెలిసింది. ఇంత పని చేసి ఆయన అడిగిన డబ్బు చూసి నేనే ఎక్కువ ఇచ్చాను.

జెట్ పంపులో ఇంపెల్లర్ (నీళ్లు తోసే రెక్కల చక్రం) అంచులు రాళ్లకి వంగి ఉన్నాయి, వెల్డింగ్ చేయించి సరిచేయించాను. రెక్క అంచుకీ చుట్టూ ఉన్న గోడకీ మధ్య సందు ఫీలర్ గేజ్‌తో చూడాలి, అర మిల్లీమీటరు దాటిందంటే ఇంజిన్ అరుస్తుంది గానీ బండి ముందుకి పోదు. కరెంటు వైపు పెద్దగా చెప్పడానికి లేదు, ఎర్త్ కనెక్షన్లు గీకి శుభ్రం చేశాను, స్టార్టర్ రిలే మార్చాను.

మొదటిసారి ఇంట్లోనే, గార్డెన్ పైపు తగిలించి స్టార్ట్ చేశాం. ఇక్కడ వరస మారకూడదు. ముందు ఇంజిన్ స్టార్ట్ కావాలి, తర్వాతే నీళ్లు వదలాలి. ఆపేటప్పుడు ముందు నీళ్లు కట్టేయాలి, ఆ తర్వాత ఇంజిన్. ఇంజిన్ ఆగి ఉండగా నీళ్లు వదిలితే ఎగ్జాస్ట్ నిండి సిలిండర్‌లోకి వెనక్కి వస్తాయి. ఈ వరస నేను తెలుగులో పెద్దక్షరాలతో రాసి సీటు కింద అంటించాను, బండి ఇంకెవరి చేతికి వెళ్లినా కనపడుతుందని.

నీళ్లలో దింపింది ముట్టుకాడు వైపు, బ్యాక్‌వాటర్‌లో రైడ్లు నడిపే అనుమతి ఉన్న తెలిసినవాళ్ల ద్వారా. బీచ్‌లో ఎక్కడపడితే అక్కడ దించొద్దు, ఈతకొట్టేవాళ్లుంటారు, జాలర్ల వలలుంటాయి, వల తాడు ఒక్కటి పంపులోకి లాగిందంటే వాళ్లకీ నష్టం మనకీ నష్టం. లైఫ్ జాకెట్, చేతికి కిల్ స్విచ్ తాడు (మనిషి పడిపోతే ఇంజిన్ ఆపేసేది) లేకుండా నేనెవరినీ ఎక్కనివ్వను. మొదటి ట్యాంకు అంతా సగం థ్రాటిల్ దాటకుండా, ఒకే వేగంలో ఉంచకుండా తిప్పి, ఒడ్డుకి వచ్చి ప్లగ్గులు తీసి చూశాం. రెండూ ఒకే గోధుమ రంగులో ఉన్నాయి. వెనక ప్లగ్‌ని మా బావమరిదికి ఇచ్చి మళ్లీ తీసుకుని మళ్లీ చూశాను.

ఇప్పుడు ప్రతి రైడ్ తర్వాత మంచినీళ్లతో కడగడం, ఇంజిన్ ఆపాక ప్లగ్ రంధ్రాల్లో ఫాగింగ్ ఆయిల్ (తుప్పు పట్టకుండా లోపల పూతలా పట్టే స్ప్రే ఆయిల్) కొట్టి ఒకసారి తిప్పడం, డ్రెయిన్ మూతలు తీసి ముక్కు పైకెత్తి ఆరబెట్టడం, సీటు తీసి ఇంజిన్‌కి గాలి తగలనివ్వడం, ఇవి మానను. ఉప్పునీళ్లలో తిరిగిన బండిని రేపు కడుగుదాంలే అంటే, ఆ రాత్రే లోపల ఉప్పు పని మొదలుపెడుతుంది. ఏడాదికోసారి కంప్రెషన్, ప్రెషర్ టెస్ట్ రెండూ చేసి గోడ మీద క్యాలెండర్‌లో రాసిపెడతాను. మొన్న చేసినప్పుడు రెండు సిలిండర్లూ 140 దగ్గర, తేడా లేకుండా ఉన్నాయి.

మిగిలిన పని ఒక్కటే, రివర్స్ లివర్ కేబుల్ గట్టిగా లాగితే గానీ రావడం లేదు, తొడుగు లోపల తుప్పు పట్టింది. కొత్తది ఇంకా దొరకలేదు. ఎక్స్‌ఎల్ 700 విడిభాగాలకి విప్పిన బండి చెన్నైలోగానీ నెల్లూరు, వైజాగ్ వైపుగానీ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, కేబుల్ బాగుంటే నేనే వచ్చి విప్పుకుంటాను.